చేతి మహిమా, సెగ మహిమా?

దిబ్బరొట్టె పేరెత్తితే చాలు, మన మగవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి. "అబ్బ, మా అమ్మ వేసేదీ! అడుగున ఎర్రటి పెచ్చు, కొరికితే కరకర, లోపల దూది. ఆ చెయ్యే వేరు. ఇప్పటి ఆడవాళ్ళకి అంత ఓపికేదీ?" అంటారు. అనేసి మళ్ళీ ఫోను చూసుకుంటారు. వంటింట్లో ఉన్న మనిషి ఆ మాట విని, తన చేతిలోనే ఏదో లోపం ఉంది కాబోలని చిన్నబుచ్చుకుంటుంది.

ఈ 'చేతి మహిమ' అన్న మాటలో ఎంత గడుసుదనం ఉందో ఎప్పుడైనా ఆలోచించారా? మహిమ అనేస్తే ఇక పని సంగతి మాట్లాడక్కర్లేదు. ఆవిడ ఎంతసేపు నిలబడింది, ఎంత పొగ మింగింది, ఎవరూ అడగక్కర్లేదు. ఓ పొగడ్త పారేస్తే బాకీ తీరిపోయినట్టే!

అసలు పెచ్చు ఎలా వస్తుందో చూద్దాం. పిండిలో తడి ఉన్నంతసేపూ అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. ఉడుకుతుందే తప్ప ఎర్రబడదు. మూకుడుకి ఆనుకున్న పొరలో తడి ఆరిపోయి, వేడి 140 డిగ్రీల దాకా ఎక్కాక, పిండిలోని మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి ఆ రంగూ, ఆ కమ్మటి వాసనా పుట్టిస్తాయి. 1912లో లూయీ కమీల్ మైయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ చర్య గురించి రాశాడు. అందులో అత్తగారి చేతి ప్రసక్తి లేదు!

కావలసినవి మూడే: బరువైన ఇనప మూకుడు, సన్నటి సెగ, తీరిక. గ్లాసు మినప్పప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు నూక కడిగి కలపాలి. మూకుట్లో నూనె వేసి, రెండు వేళ్ళ మందాన పిండి పరిచి, మూతపెట్టి 20 నిమిషాలు ఉంచాలి. ఆవిరికి లోపల ఉడుకుతుంది. తిరగేశాక మూత పెట్టకూడదు, తడి బయటికి పోవాలి. అలా ఇంకో 15 నిమిషాలు. విదేశాల్లో ఇంట్లో బ్రెడ్డు కాల్చుకునేవాళ్ళదీ ఇదే కిటుకు. మొదట ఓవెన్‌లో ఆవిరి పుట్టిస్తారు, తర్వాత దాన్ని వదిలేసి పొడివేడికి పైపెచ్చు గట్టిపడనిస్తారు. తొందరపడి మంట పెంచామా, అడుగు బొగ్గు, లోపల పచ్చిపిండి.

ఇప్పుడు లెక్క కట్టండి. దింపడం, ఎక్కించడంతో కలిపి ఒక్కో రొట్టెకి 40 నిమిషాలు. అయిదుగురున్న ఇంట్లో రెండన్నా వెయ్యాలి. నానబెట్టడం, రుబ్బడం, గిన్నెలు తోమడం దీనికి అదనం. పొద్దున్నే తొమ్మిదింటికి బస్సు అందుకోవలసిన ఇల్లాలు ఆ తీరిక ఎక్కణ్ణించి తెస్తుంది? పోనీ, ఆనాటి అమ్మకి ఓపిక ఉండేదని వీళ్ళకి ఎవరు చెప్పారు? ఆవిణ్ణి ఎవరైనా అడిగారా? వేరే దారి లేక కుంపటి ముందు కూర్చుంది. దానికి మనం ఓపిక అని పేరు పెట్టుకున్నాం.

ఇంకో సంగతి. పెచ్చు ఎవరి కోసమూ ఆగదు. దించిన కాసేపట్లోనే తినాలి. హాట్‌ప్యాక్‌లో పెట్టి మూత బిగిస్తే లోపలి ఆవిరే దాన్ని మెత్తబరుస్తుంది. "వస్తున్నా, వస్తున్నా" అంటూ టీవీ ముందు నుంచి లేవకుండా, అరగంటకి తీరిగ్గా వచ్చి "కరకరలాడటం లేదేమే?" అని అడిగేవాళ్ళని ఏమనాలి? ఇక వేసినావిడ వంతు వచ్చేసరికి ఎర్రటి అంచులన్నీ పంపకమైపోతాయి. మిగిలేది చల్లారి తోలులా సాగే నడిమి ముక్క. ఏళ్ళ తరబడి రొట్టెలు వేసిన తల్లుల్లో వేడి పెచ్చు కొరికినవాళ్ళెందరో మీరే చెప్పండి.

రొట్టెముక్క కోసం ఇంత రభసా, ప్రేమగా చేసిపెట్టడంలో ఆనందం లేదా అంటారు కొందరు. ఎందుకు లేదూ, బోలెడంత ఉంది. మరి అంత ఆనందాన్ని ఆడవాళ్ళం ఒక్కళ్ళమే దాచుకోవడం ఏం న్యాయం?

అందుకని అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, ఈసారి "మా అమ్మ చేతి రొట్టె" అన్న నిట్టూర్పు వినపడితే నొచ్చుకోకండి, పోట్లాడకండి. "పిండి సిద్ధంగా ఉంది, మూకుడు ఇదిగో, అట్లకాడ ఇదిగో. 40 నిమిషాలు ఇక్కణ్ణించి కదలకండి" అని చెప్పండి. పెచ్చు తప్పకుండా వస్తుంది. పట్టుకున్నది ఆడచెయ్యో మగచెయ్యో ఇనప మూకుడికి తెలీదు. మీరు మాత్రం కుర్చీలో కూర్చుని, అంచు ఉన్న మొదటి ముక్క వేడివేడిగా అందుకోండి. చెరుకు పానకం ఉంటే ముంచుకోవడం మరచిపోకండి.