ఈతగానికి తోడు

దూరపు ఈతను ఏకాకి వీరుల విద్యగా భావించుట మనలో పరిపాటి. 1875లో కెప్టెన్ మాథ్యూ వెబ్ ఇంగ్లీషు ఛానెల్‌ను దాటిన నాటినుండి లోకము కీర్తించుచున్నది ఈతగానినే గాని, ప్రక్క పడవలో కూర్చుండి రేయింబవళ్ళు కనిపెట్టుకొనియుండిన వారిని కాదు. నా దృష్టిలో ఈ విద్యకు మిత్రబృందము అలంకారము కాదు, ప్రాణాధారము.

ఇందుకు హేతువు శరీరధర్మమునందే యున్నది. ఛానెల్‌ను ఒంటరిగా ఈదదలచినవారు ముందుగా 16 డిగ్రీల సెంటీగ్రేడుకు మించని నీటిలో 6 గంటలు ఈది చూపవలెను. అసలు ఈతలో వెచ్చదనమిచ్చు దుస్తులు ధరింపరాదు, పడవను ముట్టరాదు. అంతటి చలిలో దేహోష్ణము తగ్గినకొలది వివేకము సయితము మందగించును. తాను చక్కగనే ఈదుచున్నానని నమ్ముచుండగనే బారలు నెమ్మదించును, మాట తడబడును, అడిగినదానికి అసంబద్ధమైన ప్రత్యుత్తరము వచ్చును. ఆ మార్పు ఈతగానికి తెలియదు. నిమిషమునకెన్ని బారలు పడుచున్నవో లెక్కించుచు, అతని స్వభావమును చిరకాలముగా నెరిగిన మిత్రునికి తెలియును. ఒడ్డు చేరిన పిమ్మట కూడ దేహోష్ణము కొంతసేపు పడిపోవుచునే యుండును గనుక, తడిబట్టలు విప్పించి కంబళి కప్పు చేతులు అప్పుడును కావలెను.

ఆరుగురు జట్టుగా ఏర్పడి, గంటకొకరు చొప్పున వంతులవారీగా ఈదు పద్ధతియు నక్కడ కలదు. వరుస మారరాదు, ఒక్కరు తమ వంతు తప్పినను అందరి ఈతయు చెల్లదు. ఇంతకంటె కఠినమైన స్నేహపరీక్ష యేది?

1959లో ఆసియా స్త్రీలలో ప్రప్రథమముగా ఛానెల్‌ను దాటిన ఆరతీ సాహా తొలి ప్రయత్నమున విఫలురాలై, ఆ మరుసటి నెలలోనే కృతకృత్యురాలైనది. ఆమెను ప్రోత్సహించినవారిలో అంతకు పూర్వమే దానిని దాటిన తూర్పు పాకిస్తాను ఈతగాడు బ్రజేన్ దాస్ ఒకడు. దేశము రెండైనను నీటిలోని సౌహార్దము చీలలేదు.

మన తీరమున ఆ చలి లేదు. కాని ఎండదెబ్బయు, దాహమును, ఒడ్డునుండి లోనికి లాగుకొనిపోవు ప్రవాహములును గలవు. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల 2021లో పాక్ జలసంధిని సుమారు 30 కిలోమీటర్లు ఈదినప్పుడును వెంట పడవలుండెను. ఆ ఘనతను చూచి విశాఖ, కాకినాడ తీరములలో సాధనకు దిగగోరు యువకులారా, ముందుగా జట్టును కూర్చుకొనుడు, ప్రవాహముల పోకడ నెరిగిన మత్స్యకారుల నడుగుడు. తోడు దొరకని దినమున సముద్రమును విడిచి ఈతకొలనుకే పొండు.