కెమెరా కానుక… ఏ భుజానికి?

‘మాయాబజార్’లో ప్రియదర్శిని పేటిక గుర్తుంది కదూ? 1957 నాటి సినిమా అయితేనేం, అది చూడనివాళ్ళు మీలో ఉంటారనుకోను. ఆ పేటిక మూత తీస్తే చాలు… తీసినవాళ్ళకి ఏది ప్రాణమో అదే కళ్ళముందు కనిపిస్తుంది. శశిరేఖ తీస్తే అభిమన్యుడు, బలరాముడు తీస్తే దుర్యోధనుడు! పెట్టె ఒకటే, చూసే కళ్ళు వేరు.

సరిగ్గా అలాంటి పెట్టె ఒకటి కానుకగా కొందామని బయల్దేరి, నేను బోర్లా పడబోయాను. పడబోయి ఎలా తమాయించుకున్నానో చెప్పడమే ఈ వారం కబురు. రేపు మీరూ మీ అన్నయ్యకో, స్నేహితురాలికో కెమెరా కొనివ్వాలనుకోవచ్చు. నా తిప్పలు మీకు పనికొస్తాయి!

మావాడి గొడవ

నాకో ఫొటోగ్రాఫరు స్నేహితుడున్నాడు. పేరెందుకు లెండి, మావాడు అనుకుందాం. సినిమాల్లో ఓ స్టిల్ ఫొటోగ్రాఫరు దగ్గర అసిస్టెంటుగా మొదలెట్టాడు. ఆ తర్వాత ఊళ్ళ పిచ్చి పట్టుకుంది. జాతరలు, సంతలు, పడవలు, కొండవాగులు… ఎక్కడ జనం పోగైతే అక్కడ మావాడు. నేను రాసే వ్యాసాలకి వాడివే ఫొటోలు. అందులో సగం వాటికి డబ్బులు కూడా పుచ్చుకోలేదు.

అలాంటివాడు ఓ సాయంత్రం మా గదికొచ్చి, చెయ్యి తల పైకి ఎత్తలేక చొక్కా విప్పడానికి అవస్థ పడుతున్నాడు. భుజం పట్టేసిందిట. డాక్టరుగారు వ్యాయామాలు చెప్పి, బరువు మోయడం తగ్గించమన్నారుట. “ఇక తిరుగుళ్ళు చాలురా. ఏదో స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుంటా” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మర్నాడు నలుగురం స్నేహితులం కూడబలుక్కున్నాం. తలా కొంచెం వేస్తే లక్షా డెబ్బై వేలు తేలింది. వాడికి చెప్పకుండా తేలికపాటి మిర్రర్‌లెస్ కెమెరా కొని, పుట్టినరోజునాడు చేతిలో పెట్టాలి! కొనుక్కొచ్చే బాధ్యత నాది. నలుగురిలో నాకే పత్రికల జ్ఞానం ఉందని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచబోయింది.

“నల్లవండీ!”

కోఠీలో ఓ కెమెరా దుకాణానికి వెళ్ళాను. గాజు అల్మరాలో అన్నిటికంటే దర్జాగా ఉన్నదాన్ని చూపించి, “అదివ్వండి” అన్నాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా. మా డబ్బంతా దాని బాడీకే సరి!

కౌంటరు వెనక పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని, “ఆయన దగ్గర ఏ లెన్సులున్నాయి సార్?” అనడిగాడు.

నేను కాసేపు ఆలోచించి, “నల్లవండీ” అన్నాను.

ఆయన నవ్వలేదు. అదీ పెద్దరికమంటే! “కెమెరా బాడీ అంటే ఇంటి గుమ్మం లాంటిది సార్. కాపురం లెన్సులతో. అవేంటో తెలుసుకుని రండి” అని మంచినీళ్ళిచ్చి పంపించాడు. ఆ ఒక్కమాటతో నా సర్‌ప్రైజు సగం చచ్చిపోయింది. మంచికే!

అద్దం పోయింది, బరువు తగ్గింది

ఇంతకీ మిర్రర్‌లెస్ అంటే ఏమిటి? మన పాత ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్సు వెనకాల ఓ అద్దం వాలుగా ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగుని పైకి మళ్ళించి, ప్రిజమ్ గుండా మన కంటికి చూపిస్తుంది. మీట నొక్కగానే అద్దం టపామని పైకి లేస్తుంది. ‘క్లిక్’ అని మనం మురిసిపోయే చప్పుడులో సగం దానిదే! మిర్రర్‌లెస్‌లో అద్దమూ లేదు, ప్రిజమూ లేదు. వెలుగు తిన్నగా సెన్సారు మీద పడుతుంది, అక్కడి బొమ్మ వెనకాల తెర మీదో, కన్ను పెట్టే చోట ఉన్న బుల్లితెర మీదో కనిపిస్తుంది. ఫొటో ఎంత చీకటిగా, ఎంత తెల్లగా వస్తుందో మీట నొక్కకముందే తెలిసిపోతుందన్నమాట. 2008లో పానసోనిక్ జీ1తో ఈ బాణీ మొదలైంది. 2013లో సోనీ ఏ7 వచ్చింది. 2018కల్లా నికాన్, కేనన్ కూడా తమ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలతో దిగిపోయాయి.

బరువు తగ్గించుకోవాలన్న తపన ఈనాటిది కాదండోయ్. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ కాలంలో బొమ్మ పడేది గాజు పలకల మీద. ఆ పలకలు, పెద్ద కెమెరా, ముక్కాలిపీట… అన్నీ మోసుకెళ్ళాల్సిందే! ఆ తర్వాత జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఆయన వచ్చాడు. ఉబ్బసం మనిషి. పెద్ద కెమెరా మోసుకుంటూ కొండలెక్కడం ఆయనవల్ల అయ్యేది కాదు. 1914 ప్రాంతంలో ఆయన చేసిందేమిటో తెలుసా? సినిమా ఫిల్మునే తీసుకుని, జేబులో పట్టే స్టిల్ కెమెరా తయారుచేశాడు! సినిమా కెమెరాలో నిలువునా నడిచే ఫిల్ముని అడ్డంగా నడిపించి, ఫ్రేముని రెట్టింపు చేశాడు. 24, 36 మిల్లీమీటర్ల ఆ ఫ్రేమే ఇవాళ మనం ‘ఫుల్‌ఫ్రేమ్’ అంటున్న కొలత. 1925లో అది లైకా పేరుతో బజారులోకొచ్చింది. అంటే సినిమా ఫిల్మూ, ఓ మనిషి ఆయాసమూ కలిసి చిన్న కెమెరాని కన్నాయన్నమాట!

ఇది తెలిశాక నాకో సంగతి తట్టింది. మావాడి భుజం నొప్పి ఈ కొనుగోలులో పక్క సంగతి కాదు, అసలు సంగతే!

కిరాణా కొట్టు తక్కెడ

ఇక నేను సి.ఐ.డి. అవతారం ఎత్తాను. మావాడు స్నానానికెళ్ళినప్పుడు వాడి సంచీ ఎత్తుకెళ్ళి, సందు చివర కిరాణా కొట్టులో తూయించాను. కొట్టువాడు పప్పు దించి సంచీ పెట్టాడు. ఆరు కిలోల రెండొందల గ్రాములు! రోజుకి పది గంటలు ఆ భుజం మీద వేలాడేది అదీ.

లోపలేముందో చూశాను. నికాన్ డీఎస్ఎల్ఆర్, మూడు లెన్సులు. వాటిలో వాడు ముద్దుగా ‘తాతయ్య’ అని పిలిచేది పాత 80-200 జూమ్. అదొక్కటే కిలో మూడొందలు!

అడాప్టరు పెట్టి పాత నికాన్ లెన్సుల్ని కొత్త నికాన్ మిర్రర్‌లెస్‌కి తగిలించొచ్చు. కొత్తరకం లెన్సులైతే చక్కగా పనిచేస్తాయి. తాతయ్య సంగతి వేరు. కెమెరాలో ఉండే మోటారు మరమేకు తిప్పితేనే ఆయన ఫోకస్ కదులుతుంది. నికాన్ అడాప్టర్లలో ఆ మోటారు లేదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. అదలా ఉంచినా, తాతయ్య కొత్త కెమెరాతోనూ వచ్చి ఆ భుజం మీదే కూర్చుంటాడు! మరి తేలిక కెమెరా కొని సాధించిందేమిటి?

కాబట్టి పాత లెన్సుల ఆశ వదిలేశాం. మోకాళ్ళో, భుజాలో గట్టిగా ఉండి, మంచి లెన్సులు చాలా ఉన్నవాళ్ళకైతే నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం చెప్పేవాణ్ణి. ఆ కంపెనీలోనే ఉండండి, అడాప్టరు కొనివ్వండి అనేవాణ్ణి. అదే ప్రియదర్శిని సూత్రం… పెట్టె చూసి కాదు, తెరిచే మనిషిని చూసి!

పెద్దదా? చిన్నదా?

తర్వాతి పేచీ సెన్సారు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు వైశాల్యం ఏపీఎస్-సీ రకానికి రెండింతలకు పైగానే ఉంటుంది. చీకట్లో దాని బొమ్మ శుభ్రంగా వస్తుంది, కాదనను. కానీ దానికి తగ్గ లెన్సులు కూడా లావే. లెక్క చూడండి. సోనీ ఏ7-4 బాడీ 658 గ్రాములు. దాని పేరున్న 24-70 జూమ్ కొత్తరకం 695. రెండూ కలిస్తే కిలో మూడొందల యాభై. అదే ఫ్యూజీ ఎక్స్-ఎస్20 బాడీ 491, 18-55 జూమ్ 310. మొత్తం ఎనిమిదొందల గ్రాములు! పైగా దాని 35 మి.మీ. ఎఫ్/2 చిన్న లెన్సు 170 గ్రాములే. రాత్రిపూట జాతర దీపాల్లో ఆ ఎఫ్/2 లెన్సు పెడితే, చిన్న సెన్సారు లోటు చాలావరకు తీరుతుంది.

ఇంకో మూడు విషయాలు వాకబు చేశాం.

ఒకటి, బ్యాటరీ. మిర్రర్‌లెస్‌కి ఆకలెక్కువ, తెరలు ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి కదా! నికాన్ డీ850 ఒక చార్జికి 1,840 ఫొటోలు తీస్తుందని కంపెనీ లెక్క. మిర్రర్‌లెస్‌లలో 350, 400తో సరిపెట్టుకునేవి బోలెడు. ఎక్స్-ఎస్20 కాస్త నయం, సుమారు 750. ఏదైనా సరే, కానుకతోపాటు రెండో బ్యాటరీ పెట్టకపోతే ఆ కానుక సగమే. కెమెరాకే ఫోను చార్జరు తగిలించే వీలుంటే బస్సులోనూ బతికిపోవచ్చు. విమానమెక్కితే విడి బ్యాటరీలు చేతిసంచీలోనే ఉండాలని మర్చిపోకండి.

రెండు, వానా దుమ్మూ. నేను మెచ్చిన ఎక్స్-ఎస్20కి ఈ రక్షణ లేదు. ఇది చిన్న లోపం కాదు. వర్షాల్లో తిరిగేవాళ్ళకైతే ఓఎమ్-5 లాంటిది మేలు. 414 గ్రాముల బాడీ, వానజల్లుకి తట్టుకుంటుంది. దాని సెన్సారు ఇంకా చిన్నది మరి. పైగా అద్దం లేకపోవడంతో మిర్రర్‌లెస్‌లో లెన్సు మార్చేటప్పుడు సెన్సారు ఆరుబయట పడుతుంది. జాతర దుమ్ములో కెమెరా నోరు నేలవైపు వంచి, గబుక్కున మార్చేయాలి.

మూడు, బిల్లు. మన దేశపు వారంటీ ఉన్న సరుకే కొనండి. ఎవరో విదేశం నుంచి తెచ్చారు, చవగ్గా ఇస్తారు అంటే, చెడిపోయిననాడు ఎవరి గుమ్మం తొక్కాలో ముందే అడగండి.

డబ్బుల పంపకం కూడా చెప్పేస్తా. ఉన్నదంతా బాడీకి పోసెయ్యకండి. మేం బాడీ కొత్తది, జూమ్ సెకండ్‌హ్యాండుదీ అనుకున్నాం. పాత లెన్సు కొనేటప్పుడు టార్చి వేసి లోపల బూజు తీగలున్నాయేమో చూడాలి. ఈ చిట్కా నల్లలెన్సుల పెద్దాయనదే!

చప్పుడు లేని క్లిక్

ఇంతా చేసి, ఆఖరున నాకే భయమేసింది. రోజూ చేతిలో ఉండే పనిముట్టు. ఆ చెయ్యి నాది కాదే! పుట్టినరోజుకి రెండు రోజుల ముందు మావాడికి నిజం చెప్పేసి, దుకాణానికి లాక్కెళ్ళాను. వాడు దారిపొడుగునా తిట్టాడు. “ఒరేయ్, నా భుజం కోసం మీరు అప్పులు చేస్తారట్రా?” అని. నేను పలకలేదు.

పెద్దాయన మూడు కెమెరాలు బల్ల మీద పెట్టాడు. మావాడు మొదటిది పట్టుకుని చిటికెనవేలికి చోటు లేదన్నాడు. రెండోదానికి తలూపలేదు. మూడోది ఎక్స్-ఎస్20. కంటికి ఆనించి మీట నొక్కాడు. చప్పుడు లేదు! మళ్ళీ నొక్కాడు. లేదు.

“మా గురువుగారు ఉంటే ఏడ్చేవారురా” అన్నాడు. సెట్లోనే మాటలు రికార్డు చేసే షూటింగుల్లో, టేకు నడుస్తుండగా స్టిల్ తీయాలంటే కెమెరాకి బ్లింప్ అనే బరువైన పెట్టె తొడిగేవారు, క్లిక్ చప్పుడు మైకులో పడకుండా. ఆ పెట్టె మోసింది అసిస్టెంటుగా మావాడి భుజమే! ఇప్పుడు ఎలక్ట్రానిక్ షట్టరు పెడితే చీమ చిటుక్కుమనదు. కొన్ని ఎల్‌ఈడీ దీపాల కింద మాత్రం చారలు పడతాయి, వేగంగా పరిగెత్తేవి వంకరగా వస్తాయి. అప్పుడు మామూలు షట్టరుకి మార్చుకోవాలి.

పెద్దాయన నావైపు తిరిగి, “లెన్సులు ఏ రంగువి కావాలి సార్?” అన్నాడు. ఆనాడు ఆపుకున్న నవ్వంతా అప్పుడు నవ్వాడు!

కాబట్టి మిత్రులారా, నా అనుభవసారం ఇది. కానుకలో సర్‌ప్రైజు ఉండాలంటే డబ్బులో ఉంచండి, మోడల్లో కాదు. కొనే ముందు కంపెనీ కరపత్రం కంటే ఆ మనిషి సంచీని ఎక్కువగా చదవండి. నాకు నచ్చిన కెమెరా మీవాళ్ళకి నచ్చాలని లేదు. శశిరేఖ పెట్టెలో బలరాముడికి అభిమన్యుడు కనిపించాడా ఏమిటి?

పాత కెమెరానీ తాతయ్యనీ మావాడు తన దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి ఇచ్చేశాడు. మొన్న తెల్లవారుజామున లంబసింగి నుంచి ఫోను. పొగమంచు, చలి… చలికి బ్యాటరీ నీరసిస్తుందని రెండోదాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాడట. భుజం ఎలా ఉందిరా అనడిగాను.

“నొప్పి ఇంకా ఉందిలే. కానీ ఒరేయ్… దారిలో కెమెరా ఎక్కడో మర్చిపోయానేమోనని రెండుసార్లు భుజం తడుముకున్నా!”

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.