పొగగూటికి ఇంకా పని ఉంది

చిమ్నీ అనే మాట మన ఇళ్ళలో చాలా వేషాలు వేసింది. ఒకప్పుడు చిమ్నీ అంటే లాంతరు గాజు. సందెవేళ మసి తుడిచి దీపం పెట్టేవారు. ఊరి పొలిమేరలో అదే మాటకు బియ్యపు మిల్లు గొట్టం అని అర్థం. ఇప్పుడు చిమ్నీ అంటే గ్యాసు పొయ్యి పైన గోడకు బిగించే కరెంటు యంత్రం. వంటింటి కప్పు మీద కట్టిన అసలు చిమ్నీకి మాత్రం మన భాషలో వేరే పేరుంది: పొగగూడు. పొగకు సైతం ఒక గూడు కట్టిపెట్టిన ఈ మాట నాకెంతో ఇష్టం.

గోదావరి డెల్టాలో ఈ గూళ్ళు ఖాళీ అయి చాలాకాలమైంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, వరి తెచ్చిన కలిమితో లేచిన మండువా లోగిళ్ళలో కట్టెలు, పిడకలు, కొబ్బరి మట్టలు మండేవి. కలిగినవారి వంటింటికి పొగగూడు ఉండేది. లేనివారి ఇంట పొగ పెంకుల సందుల్లోంచో తాటాకుల్లోంచో దారి వెతుక్కునేది. అంతవరకూ వండే మనిషి కళ్ళలోనే కాపురముండేది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చి గ్యాసు బండను పేదల గడపకు కూడా చేర్చాయి. పొయ్యి పోయింది, పొగగూడు మిగిలింది.

పాత ఇల్లు బాగుచేయించుకునేవారికి మొదట వినబడే సలహా ఒకటే: "పొయ్యే లేనప్పుడు ఈ కన్నం ఎందుకండీ? సిమెంటు పెట్టి మూసేద్దాం." వాన పడుతుంది, పావురాలు గూడు పెడతాయి, ఎలుకలు దిగుతాయి, వాటి వెనకాల పాము కూడా దిగవచ్చు. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసినవారికి కప్పులో కన్నమంటే గుండె ఝల్లుమనడం సహజమే. అయినా ఈ సలహా సరికాదని నా అభిప్రాయం.

గ్యాసుకు పొగ రాదు కనుక దారి అక్కరలేదనుకుంటాం. కానీ కిలో గ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. 14.2 కిలోల బండ ఖాళీ అయ్యేసరికి ఇరవై లీటర్లకు మించిన నీరు కంటికి కనబడకుండా వంటింటి గాలిలో కలుస్తుందన్నమాట. అన్నం ఉడికిన ఆవిరి, పోపు ఘాటు, నూనె జిడ్డు దీనికి అదనం. అసలే చెమ్మగాలి వీచే సీమ మనది. ఆ ఆవిరి ఎటు పోవాలి?

విడ్డూరమేమిటంటే, పైన ఉన్న దారి మూసేసి, కింద వేలు పోసి కరెంటు చిమ్నీ కొంటున్నాం. అందులో గొట్టం లేని రకమైతే జిడ్డునూ వాసననూ కొంత పట్టుకుని అదే గాలిని తిరిగి గదిలోకే వదులుతుంది. వేడీ ఆవిరీ ఇంట్లోనే ఉంటాయి. పొగగూడైతే కరెంటు పోయినా పనిచేస్తుంది: వేడిగాలి పైకి పోతుంది, కిటికీలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది.

కట్టెల పొయ్యి మళ్ళీ వెలిగించమని నేననడం లేదు. పొయ్యి మీది పులుసు రుచిని తలచుకుని నిట్టూర్చేవారిలో ఆ పొయ్యిని ఊదినవారు తక్కువ. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యిని వదులుకోవలసిందే. అయితే పాత వంటింట్లో వండే ఆడవారి పక్షాన నిలిచిన కట్టడం ఈ గూడొక్కటే. పొయ్యి చేసిన తప్పుకు దీనికి శిక్ష వేయడం న్యాయం కాదు.

చేయవలసింది కొంచెమే. పాత మసిని పూర్తిగా గీకించాలి. లేకుంటే వాన చెమ్మకు గోధుమరంగు చారలు గోడ మీదికి దిగుతాయి. గూటి నెత్తిన నాలుగు చిన్న స్తంభాలు లేపి, వాటి మీద వాలుగా చిన్న కప్పు వేసి, చుట్టూ సన్నని ఇనుప వల కట్టాలి. వాన, పిట్ట, పాము బయటే ఉంటాయి. గాలి మాత్రం ఆడుతుంది. వంట సాగుతుండగా వెలిగించిన అగరుబత్తిని గూటి దగ్గర పట్టి చూడండి. పొగ పైకి పోతే దారి సరిగా ఉన్నట్టే. ఒక్క మాట: గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే నేలబారునే పరుచుకుంటుంది కాబట్టి పొగగూడు దాన్ని తీసుకుపోలేదు. నేల దగ్గర కూడా గాలి ఆడే సందు ఉండి తీరాలి.

గోడ పగిలి, ఇటుక కదిలి, మీద పడేలా ఉన్న గూటిని దింపేయడమే మేలు. అందులో వాదం లేదు. గట్టిగా నిలిచినదాన్ని మాత్రం పాతదనే కారణంతో పూడ్చకండి. అది పొగ కోసం కట్టిందే అయినా మోసేది గాలిని. వంటింట్లో పొగ లేకపోవచ్చు, ఊపిరి తీసే మనిషి ఇంకా ఉంది.

మీ వైపు దీన్ని ఏమంటారో, మీ పాత ఇంట్లో ఇంకా ఉందో లేదో చెబితే సంతోషిస్తాను.