మలము రంగు చెప్పే సంగతులు

ఈ నెల మేము వ్రాస్తున్న సంగతి భోజనమునకు ముందు చదవదగినది కాదు. అయినా చదవండి, చదివి ఇంట్లోని పెద్దలకు వినిపించండి.

కారణము చెబుతాము. మా సంఘములో డెబ్భై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. మోకాళ్ళ నొప్పులకు దుకాణములో మాత్రలు కొనుక్కొని, రోజుకు రెండేసి, ఒక్కొక్కప్పుడు పరగడుపునే వేసుకొనేవారు. ఆయనకు నీరసముగా ఉన్నదని తెలిసి మేము ఇంటికి వెళ్ళి ప్రార్థన చేసి వచ్చాము. వారము తిరుగకముందే ఆయన మరుగుదొడ్డిలో కళ్ళు తిరిగి పడిపోయారు. ఆసుపత్రిలో డాక్టరుగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మలము ఏ రంగులో వస్తున్నది?" అని. ఆయన తల వంచుకొని, "పది రోజుల నుండి తారులాగ నల్లగా వస్తున్నదండీ" అన్నారు. ఇంట్లో ఎందుకు చెప్పలేదని మేము అడిగితే, "కోడలితో ఆ మాట ఎట్లా చెప్పను, అయ్యగారూ?" అన్నారు.

కడుపులో పుండు పడి లోపల రక్తము కారుతున్నది. మూడు సీసాల రక్తము ఎక్కించవలసి వచ్చింది. ఆయన బ్రతికారు. కాని ఆ రోజు మాకు సిగ్గు వేసింది. ఇంటికి వెళ్ళి ప్రార్థించిన మేము ఒక్క ప్రశ్న అడుగలేకపోయాము.

ఈ విషయము మాట్లాడుటకు బిడియమెందుకు? ఇశ్రాయేలీయులు పాళెము వెలుపల గుంట త్రవ్వి మలమును కప్పవలెనని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో నియమమున్నది. పరిశుద్ధ గ్రంథము దాచని మాటను మనము దాచి ప్రాణము మీదికి తెచ్చుకొనుట తగదు. మునుపు తెల్లవారుజామున చీకటిలో చెంబు పట్టుకొని పొలము గట్లకు వెళ్ళేవారము. రంగు చూసే వీలే లేదు. ఇప్పుడు చాలా ఇండ్లలో మరుగుదొడ్డి ఉన్నది. నీళ్ళు పోసే ముందు ఒక్కసారి చూస్తే చాలు.

అసలు మలమునకు గోధుమ రంగు ఎట్లా వస్తుంది? మన రక్తములోని ఎర్ర కణములు సుమారు 120 దినములు బ్రతికి నశిస్తాయి. వాటి నుండి బిలిరుబిన్ అనే పసుపు పదార్థము పుడుతుంది. కాలేయము దానిని పైత్యరసములో కలిపి పేగులోనికి పంపుతుంది. అక్కడ సూక్ష్మజీవులు దానిని మార్చగా గోధుమ రంగు వస్తుంది. కనుక గోధుమ రంగు, దానికి కాస్త అటూ ఇటూగా ఉండే పసుపు, ఆకుపచ్చ ఛాయలు సాధారణముగా భయపడవలసినవి కావు.

ఆకుపచ్చ: గోంగూర, తోటకూర, మునగాకు ఎక్కువగా తిన్నా, విరేచనములు త్వరత్వరగా అయి పైత్యరసము మారే సమయము లేకపోయినా ఈ రంగు వస్తుంది. బియ్యము కడిగిన నీళ్ళవలె ధారగా పోతుంటే మాత్రము అది కలరా కావచ్చును. వెంటనే ఓ.ఆర్.ఎస్. త్రాగిస్తూ ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి.

పసుపు: తల్లిపాలు త్రాగే బిడ్డకు ఆవపిండి రంగులో పలుచగా వెళ్ళుట సహజము. పెద్దవారికి జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్ళపై తేలుతూ చాలా రోజులు వెళ్తే కొవ్వు అరుగుట లేదని అర్థము. పరీక్ష చేయించుకోవాలి.

నలుపు: గర్భిణులు వేసుకొనే ఐరన్ మాత్రల వలన మలము నల్లబడుతుంది. ఇది హాని కాదు. దీనికి భయపడి మాత్రలు మానవద్దు. అయితే ఆ మాత్రలేవీ వాడకుండానే తారువలె జిగటగా, విపరీతమైన దుర్వాసనతో వస్తే కడుపులో రక్తము కారుతున్నట్లే భావించాలి. నొప్పి మాత్రలు ఇందుకు ఒక ముఖ్య కారణము. మరియొకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి. 1982లో ఆస్ట్రేలియాలో దీనిని కనుగొన్న మార్షల్, వారెన్ అను ఇద్దరు వైద్యులకు 2005లో నోబెల్ బహుమానము లభించింది. కారము తినుట వలననే పుండు పడుతుందని అనుకొనే రోజులు పోయాయి. ఆ క్రిమిని మందులతో నిర్మూలించవచ్చును.

ఎరుపు: ముందురోజు బీట్‌రూట్ తిన్నారేమో జ్ఞాపకము చేసుకోండి. మలము తరువాత ఎర్రని చుక్కలు పడితే మొలలు కావచ్చును. జిగట, రక్తము, జ్వరము కలిస్తే అది రక్త విరేచనము. అయితే మొలలేనని ఎవరికి వారే తీర్పు చెప్పుకొని ఏళ్ళ తరబడి నాటు మందులు వాడవద్దు. ప్రత్యేకముగా నలభై దాటినవారిలో రక్తము పడుతూ, బరువు తగ్గుతూ, విరేచనపు అలవాటు మారితే పెద్ద పేగు క్యాన్సరు కాదని పరీక్షతో తేల్చుకోవాలి. ముందుగా కనుగొంటే నయము చేయుటకు అవకాశము ఎక్కువ.

తెలుపు: మలము సున్నమువలె, బంకమట్టివలె పాలిపోతే పైత్యరసము పేగులోనికి దిగుట లేదని అర్థము. రాళ్ళు గాని, గడ్డ గాని దారి మూసి ఉండవచ్చును. కళ్ళు పచ్చబడి, మూత్రము ముదురు రంగులో వస్తుంది. ఇట్టి కామెర్లకు పసరు పోయించుట, చేతి మీద వాతలు పెట్టించుట వలన విలువైన రోజులు పోతాయి.

తల్లులారా, దీనిని మరి శ్రద్ధగా వినండి. పుట్టిన బిడ్డకు మొదటి రెండు మూడు రోజులు నల్లని జిగురు మలము వచ్చి, తరువాత పసుపు రంగుకు మారుతుంది. అలా కాక తెల్లగా పాలిపోయి వస్తున్నా, రెండు వారములు దాటినా కామెర్లు తగ్గకపోయినా బిడ్డను ఎండలో ఉంచి ఊరుకోవద్దు. కొందరు బిడ్డలకు పైత్యనాళము మూసుకొని పోతుంది. జపాను వైద్యుడు కసాయి 1950ల దశకములో దీనికి శస్త్రచికిత్స కనుగొన్నారు. బిడ్డకు 60 రోజులు నిండకముందే చేస్తే ఫలితము మెరుగు. ఆలస్యమైతే కాలేయము చెడిపోతుంది. తైవాన్ దేశములో 2004 నుండి తల్లులకు మలపు రంగుల కార్డు ఇచ్చి, పోల్చి చూసుకొమ్మని చెబుతున్నారు. కార్డు లేకున్నా మన కళ్ళు ఉన్నాయి.

ఆహారము వలన మారిన రంగు రెండు మూడు రోజులలో సర్దుకొంటుంది. తారు నలుపు, ఎక్కువ రక్తము, సున్నపు తెలుపు, ఈ మూడింటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు వద్దకు వెళ్ళండి. ఎన్ని రోజులుగా ఉన్నదో, ఏయే మాత్రలు వేసుకొన్నారో దాచకుండా చెప్పండి. మామగారిని కోడలు అడుగలేకపోతే కొడుకు అడగాలి. కొడుకు ఊరిలో లేకపోతే మనుమడు అడగవచ్చును.

ఇప్పుడు మేము వృద్ధుల ఇండ్లకు వెళ్ళినప్పుడు ప్రార్థనకు ముందే ఈ ప్రశ్న అడుగుతున్నాము. మొదట నవ్వుతారు. తరువాత తలుపు దగ్గరగా వేసి, మెల్లగా చెబుతారు.