చవక మందుకు దిక్కెవరు?



పురసవాక్కం హైరోడ్డులో ఏ మందుల షాపుకైనా వెళ్ళండి. గుండెజబ్బు వాళ్ళు రోజూ వేసుకునే ఆస్పిరిన్ మాత్రల అట్ట ఒక టీ ఖరీదు కూడా చెయ్యదు. కొత్తగా వచ్చిన క్యాన్సర్ మందు ధర అడిగి చూడండి. ఇల్లు తాకట్టు పెట్టినా మనకు చాలదు. ఈ తేడా వెనక ఉన్న సంగతి మనకు తెలియాలి.

క్యాన్సర్‌లో ఎక్కువమందిని చంపేది మొదటి గడ్డ కాదు, అది ఒళ్ళంతా పాకడం. ఆ పాకుడును కొన్ని పాత గుండె మందులు అడ్డుకోగలవని ఇప్పుడు తెలుస్తోంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు విడిచే ఒక పదార్థం మన ఒంటికి కాపలా కాసే టి-కణాలను నిద్రపుచ్చుతుందనీ, ఆస్పిరిన్ దాన్ని ఆపితే అవి మేలుకుంటాయనీ 2025 మార్చిలో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఎలుకల్లో చూపించారు. అదే ఏడు సెప్టెంబరులో స్వీడన్ తదితర దేశాల డాక్టర్లు మనుషుల్లోనే చూపించారు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, ఒక రకం జన్యుమార్పు ఉన్నవాళ్ళకు మూడేళ్ళు రోజూ 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే జబ్బు తిరగబెట్టడం సుమారు సగానికి తగ్గింది.

మన దేశం మాత్రం తక్కువ తిన్నదా? పన్ను కోయడానికి, లయ తప్పిన గుండెను దారికి తేవడానికి వాడిన లిగ్నోకెయిన్‌నే ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు తీసుకున్నారు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు పది నిమిషాల ముందు గడ్డ చుట్టూ ఆ ఇంజక్షన్ ఇచ్చారు. దాదాపు 1,600 మంది స్త్రీలతో చేసిన ఈ పరీక్ష ఫలితం 2023లో అచ్చయింది. అయిదేళ్ళ తరువాత బతికి ఉన్నవాళ్ళు ఇంజక్షన్ లేనివాళ్ళలో నూటికి 86.4, ఇంజక్షన్ పడినవాళ్ళలో 90.1. అంటే నూరు ఇళ్ళలో మూడు నాలుగు ఇళ్ళకు తల్లి మిగిలింది! దీనికి డబ్బు పెట్టింది మందుల కంపెనీ కాదు, ప్రభుత్వ అణుశక్తి శాఖ.

కంపెనీలు ఎందుకు పెట్టవు? ఆస్పిరిన్‌ను బేయర్ కంపెనీ 1899లోనే అమ్మకానికి పెట్టింది. దాని పేటెంటు ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు. లాభం లేని చోట పెట్టుబడి కాలు పెట్టదని మిల్లు కార్మికుడికి ఒకరు చెప్పాలా?

ఒక హెచ్చరిక. ఇది చదివి ఎవరూ సొంతంగా ఆస్పిరిన్ మింగవద్దు. కడుపులో రక్తం కారవచ్చు. 2024లో అచ్చయిన అమెరికా పరీక్షలో రొమ్ము క్యాన్సర్ రోగులకు దానివల్ల మేలు కనబడలేదు. ఏ మందు ఎవరికి పనిచేస్తుందో పరీక్షే చెప్పాలి. అందుకే పరీక్షలు జరగాలంటున్నాం.

“ఇది డాక్టర్ల వ్యవహారం, యూనియన్‌కెందుకు?” అంటారు కొందరు. ఇ.ఎస్.ఐ. ఎవరి డబ్బు? నూరు రూపాయల జీతంలో 75 పైసలు మనవి. యజమాని కట్టే 3 రూపాయల 25 పైసలూ మన చెమటే. 1996లో పెరంబూరు బి అండ్ సి మిల్లు మూతపడింది, అందులో పనిచేసినవాళ్ళ రోగాలు మూతపడలేదు.

మన కోరికలు:

1. పేటెంటు తీరిన మందుల పరీక్షలకు కేంద్ర ప్రభుత్వం ఏటా ప్రత్యేక నిధి ఇవ్వాలి.

2. టాటా వారి ఇంజక్షన్ పద్ధతిని ఇ.ఎస్.ఐ. నిపుణులు పరిశీలించి, అమలు చేస్తారో లేదో, ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి.

3. పెద్దపేగు క్యాన్సర్ రోగులకు ఆ జన్యుపరీక్ష ఇ.ఎస్.ఐ. ఖర్చుతో జరగాలి.

ఈ వినతిపత్రం అయనావరం ఇ.ఎస్.ఐ. ఆస్పత్రిలో ఇవ్వబోతున్నాం. యూనియన్ ఆఫీసుకు వచ్చి సంతకం చెయ్యండి. ఇంట్లో ఆడవాళ్ళనూ వెంట తీసుకురండి. యజమాని లేని మందుకు మనమే దిక్కు కావాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి