హస్కీకి గుండు కొట్టించాలా?

ఎండలు ముదిరాయంటే చాలు, నా ఇన్‌బాక్స్ నిండా ఇదే ప్రశ్న. ‘మా హస్కీకి బొచ్చు మొత్తం తీయించేద్దామనుకుంటున్నాం, ఏమంటారు?’ అని.

వద్దంటాను. హస్కీకి బొచ్చు రెండు పొరలు. లోపలి మెత్తటి పొర చలి కోసం. రోజూ దువ్వితే ఎండాకాలంలో అది కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చేస్తుంది. పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది. గుండు కొట్టిస్తే ఆ గొడుగు కూడా పోయినట్టే. పైగా కొన్నింటికి బొచ్చు మళ్లీ సరిగా రాదు. ట్రిమ్మర్ పక్కన పెట్టి దువ్వెన పట్టుకోండి.

అయినా చూసుకోవాల్సింది బొచ్చు కాదు, నాలుక. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, గాలి తగిలితే హాయిగా ఉంటుంది. కుక్కకు చెమట పట్టేది పాదాల కింద, అదీ కొంచెమే. ఒంట్లో వేడి దించుకోవడానికి దానికున్న పెద్ద దారి రొప్పడం. నోట్లో, శ్వాసనాళాల్లో ఉన్న తడి ఆవిరవుతూ వేడిని బయటికి తీసుకెళ్తుంది. అందుకే ఒట్టి ఫ్యాన్ గాలి మనకు ఇచ్చినంత సుఖం కుక్కకు ఇవ్వదు. పొట్ట, కాళ్లు తడిపి అప్పుడు ఫ్యాన్ వేయండి, తేడా మీకే తెలుస్తుంది.

ఉక్కపోతలో ఈ తడి ఆరదు. రామగుండంలో 44 డిగ్రీలంటే అందరం భయపడతాం గానీ, విజయవాడలోనో కాకినాడలోనో 37 డిగ్రీలకే కుక్కలు అల్లాడిపోయే రోజులుంటాయి. కోస్తాలో కూలర్ పెట్టి తలుపులన్నీ మూసేశారంటే గదిలో తేమ ఇంకా పెరుగుతుంది. కిటికీ తెరిచే ఉంచండి. నోరు తెరవనివ్వని బిగుతు మూతికట్టు మాత్రం ఎండాకాలంలో అసలు వద్దు.

పగ్‌ల సంగతి మరీ జాలి. 2003లో హచ్ యాడ్ వచ్చాక ఇంటింటా పగ్ కావాలన్నారు. మీలో కొందరు అప్పటికి పుట్టి కూడా ఉండరు! ఆ చప్పిడి మూతే దానికి శాపం. శ్వాస దారి ఇరుకు కాబట్టి సరిగా రొప్పలేదు. ల్యాబ్రడార్ తట్టుకునే వేడికి కూడా పగ్, బుల్‌డాగ్ కుప్పకూలిపోవచ్చు.

ఇంకో మాట. వడదెబ్బ అనగానే ఎండలో కట్టేసిన కుక్కే గుర్తొస్తుంది. నిజానికి ఆటల్లో, పరుగుల్లో తగిలేదీ తక్కువేం కాదు. బ్రిటన్‌లో జరిగిన ఓ పెద్ద పరిశీలనలో కార్లలో చిక్కుకున్న కుక్కల కంటే పరిగెత్తి వడదెబ్బ తిన్నవే చాలా ఎక్కువని తేలింది. అంత చల్లటి దేశంలోనే అలా ఉంటే మన సంగతి చెప్పేదేముంది? మీరు బంతి విసిరినంతసేపూ అది తెస్తూనే ఉంటుంది. ‘ఇక చాలు’ అనాల్సింది మీరే.

పోయిన మేలో మా అపార్ట్‌మెంట్‌లో జరిగింది ఇదే. సాయంత్రం ఐదున్నరకు కింద ఒకబ్బాయి తన ల్యాబ్‌తో బాల్ ఆడిస్తూ రీల్ తీస్తున్నాడు. కాసేపటికి కుక్క నడక తూలింది. నోట్లోంచి చిక్కటి చొంగ, చిగుళ్లు ఎర్రగా కందిపోయాయి. తర్వాత పడిపోయింది. అబ్బాయి ఏడుస్తూ కారు తాళాల కోసం పరిగెత్తబోతే ఆపాను. ‘ముందు నీళ్లు తమ్ముడూ, తర్వాతే కారు’ అని. వాచ్‌మన్ అన్న మొక్కల పైపు తెచ్చాడు. మెడ, పొట్ట, తొడల మధ్య నీళ్లు పోస్తూనే ఉన్నాం, ఇంకొకరు అట్టముక్కతో విసిరారు. మధ్యలోనే డాక్టర్‌కి ఫోన్ చేశాం. పది నిమిషాల తర్వాత తడి ఒంటితోనే ఏసీ కారులో ఎక్కించారు. రెండు రోజులు సెలైన్ ఎక్కింది, బతికింది.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వేసవిలో ట్యాంకు నీళ్లు పైపులోంచి సలసలా కాగుతూ వస్తాయి, ఆ వేడి నీళ్లు వదిలేసి చల్లబడ్డాకే పోయాలి. పొద్దున్నే ఒక బకెట్ పట్టి నీడలో ఉంచుకుంటే ఇంకా నయం. తడి టవల్ కప్పి వదిలేయకండి, కాసేపటికి అది దుప్పటిలా వేడిని పట్టేస్తుంది. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేచి తోక ఊపినా సరే, డాక్టర్‌కు చూపించాల్సిందే. లోపల కిడ్నీలకు, లివర్‌కు దెబ్బ తగిలిందో లేదో బయటికి కనిపించదు. ఇంట్లో థర్మామీటర్ ఉంటే, కుక్కకు మామూలు టెంపరేచర్ సుమారు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే ఆలస్యం చేయొద్దు.

వాకింగ్ మేలో ఆరున్నరలోపు ముగించేయండి. సాయంత్రం సూర్యుడు దిగాడు కదా అని బయల్దేరకండి, తారు రోడ్డు ఇంకా కాలుతూనే ఉంటుంది. అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే అదీ నడవలేదు. రోజూ రెండుసార్లు తిప్పాల్సిందేనని పట్టుబట్టకండి, ఒకపూట మానేస్తే ఏమీ కాదు. ఇంట్లోనే టవల్ మడతల్లో బిస్కెట్ దాచి వెతకమనండి. ‘ఐదు నిమిషాల్లో వచ్చేస్తా’ అని కారులో వదిలి షాపుకి వెళ్లడం మాత్రం ఎప్పుడూ వద్దు. పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల దాకా పెరగొచ్చు.

మజ్జిగ ఇవ్వొచ్చా అని అడిగేవాళ్లకు: పల్చగా, ఉప్పు లేకుండా, కొంచెం. ఉల్లిపాయ ముక్క పడిందంటే అస్సలు వద్దు, అది కుక్కలకు విషం. మామిడి టెంక కూడా అందకుండా చూడండి, పేగులో ఇరుక్కుంటే ఆపరేషనే.

హస్కీ కొనాలనుకుంటున్న వాళ్లకు నా ప్రశ్న ఒక్కటే. మే నెల మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే మీ ఇంట్లో చల్లటి చోటేది? ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు. ‘బాల్కనీ ఉంది కదా’ అనేవాళ్లు ఒకసారి అదే టైంలో ఆ బాల్కనీలో చెప్పుల్లేకుండా నిలబడి చూసి, అప్పుడు మెసేజ్ పెట్టండి.