తుపాకికి ట్రస్టు దస్తావేజు తగునా?

మన సంఘ సభ్యులలో కొందఱు కొంతకాలముగా ఒక ప్రశ్నను మా యెదుట బెట్టుచున్నారు. మేడారపు చుట్టుపట్ల పొలములు గల రైతులకు అడవిపందుల బాధ యెట్టిదో వేఱుగ జెప్పనక్కఱలేదు. మొక్కజొన్న కంకి పాలుపోసికొను దినములలో మంద యొక్క రాత్రి దిగెనా, తెల్లవాఱి గట్టుమీద నిలుచున్న రైతునకు పంటచేను గాక త్రొక్కిన నేల మాత్రమే కానవచ్చును. ఇట్టి నష్టము రెండేండ్లు వరుసగా జూచినవాడు తుపాకి గుఱించి తలపోయుట వింత గాదు. ఇక వారి ప్రశ్న యిది: పదిమంది రైతులు గలసి యొక ట్రస్టు దస్తావేజు వ్రాసికొని, ఆ ట్రస్టు పేర రెండు తుపాకులు గొని, ఎవరి వంతు వచ్చినపుడు వారు కాపలాకు దీసికొని పోవచ్చునా? వారిలో పెద్దవాడు గతించినచో దస్తావేజును సవరించి యతని కుమారుని పేరు చేర్చుకొనిన చాలునా?

అమెరికాలో నిట్లు చేయుచున్నారని, అచ్చట నున్న తమ బిడ్డల వలన వినినారట. వినినమాట నిజమే. అయినను ఆ మాట మన గట్టుమీదికి వచ్చునప్పటికి సగము దారిలోనే జాఱిపోయినది. మా సమాధానమును ముందే చెప్పెదము: తుపాకికి ట్రస్టు వలదు. ఎందుచేత వలదో, ట్రస్టు దస్తావేజు మఱి దేనికి పనికివచ్చునో తెలుపుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అమెరికా దేశమున 1934వ సంవత్సరమున జాతీయ ఆయుధ చట్టమొకటి పుట్టినది. మరతుపాకులు, గొట్టము కుఱుచ చేసిన తుపాకులు, చప్పుడు నణచెడి గొట్టములు మొదలగు కొన్నింటిని ప్రభుత్వమువారి పట్టికలో నమోదు చేయింపవలెననియు, చేతులు మాఱునప్పుడు 200 డాలర్ల పన్ను చెల్లింపవలెననియు నాచట్టము విధించినది. ఈ పన్ను వీనిలో పెక్కింటికి 2025 నాటి చట్టముచే 2026 జనవరి 1 నుండి తొలగిపోయినది గాని, నమోదు తొలగలేదు. అట్టి వస్తువును ఒకని పేర నమోదు చేసినచో అతడొక్కడే దానిని దగ్గఱ నుంచుకొనదగును. అతడు ఊరలేనపుడు ఇనుప పెట్టె తాళపుచెవి భార్యచేత నున్నను చిక్కే. ఈ చిక్కు దీర్చుకొనుటకై వారు ట్రస్టును పట్టుకొనిరి. వస్తువు ట్రస్టు పేర నుండును. ట్రస్టీలుగా నున్నవారందఱు దానిని వాడుకొనవచ్చును. ఒకడు చనిపోయినను వస్తువు ట్రస్టులోనే నిలుచును. క్రొత్తవానిని జేర్పవలసినచో సవరణ పత్రము వ్రాసికొందురు. సాధారణమైన వేట తుపాకికి అచ్చట నీ ట్రస్టు అక్కఱయే లేదు.

ఇందు మన సభ్యుల చెవిని బడని సంగతి యొకటి కలదు. మొదట్లో ట్రస్టు పేర దరఖాస్తు చేయువారు వ్రేలిముద్రలు, ఛాయాపటములు ఇచ్చెడివారు గారు. 2016 జులై 13 నుండి అమలైన నిబంధన యా సందును మూసివేసినది. ట్రస్టు దరఖాస్తు పెట్టునపుడెల్ల దానిలో బాధ్యత గల ప్రతి మనుష్యుడును తన ముద్రలు, పటము పంపవలయును. స్థానిక పోలీసు అధికారికి తెలియజేయవలయును. చట్టము తుపాకి పట్టరాదనిన మనుష్యుడు ట్రస్టీ యైనంత మాత్రమున పట్టదగినవాడు కాడు. అనగా ట్రస్టు పుట్టిన దేశముననే ప్రభుత్వమువారు కాగితమును దాటి మనిషి ముఖమును జూచుచున్నారు.

ఇక మన దేశపు చట్టముల సంగతి. మనకు ట్రస్టుల చట్టము 1882వ సంవత్సరమునుండి కలదు. దాని ప్రకారము ట్రస్టు వ్రాయువాడు తన యుద్దేశమును, ప్రయోజనమును, లబ్ధి పొందువారిని, ఆస్తిని స్పష్టముగ జెప్పవలయును. స్థిరాస్తి యైనచో దస్తావేజు రిజిస్టరు కావలయును. ఇది సులభమైన చట్టమే. కాని మన సహకార సంఘమునకు, ట్రస్టునకు గల భేదమును సభ్యులు గుర్తింపవలయును. సంఘము 1964 నాటి సహకార చట్టము క్రింద రిజిస్టరైన దినముననే యొక వ్యక్తివంటిది యైనది. తన పేర ఆస్తి యుంచుకొనును, వ్యాజ్యెమాడును. ఖాసగీ ట్రస్టు అట్టి వ్యక్తి కాదు. ఆస్తి ట్రస్టీల చేతనే, ట్రస్టీల పేరనే యుండును. కావున "ట్రస్టు తుపాకి" యనునది మన యెడ లేదు. ఉన్నది ట్రస్టీల తుపాకి. పదిమంది ట్రస్టీలున్నచో పదిమందికిని లైసెన్సు కావలయును. ఇక దస్తావేజు వలన కలిసివచ్చిన దేమి?

మఱియొక చిక్కు. ఆ చట్టపు 8వ సెక్షను ప్రకారము ట్రస్టులో బెట్టు ఆస్తి, లబ్ధి పొందువానికి బదిలీ చేయదగినదై యుండవలయును. తుపాకి యెవరికిబడిన వారికి బదిలీ చేయదగినది కాదు. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేనివాడు తుపాకిని దగ్గఱ నుంచుకొనరాదు. అట్టివానికి ఒసగినవాడును నేరస్థుడే. 21 ఏండ్లు నిండనివాడు లైసెన్సు పొందజాలడు. మనవారు లబ్ధి పొందువారుగా వ్రాయదలచినది ముఖ్యముగా ఎవరిని? ఇంటి పిల్లలనే కదా!

వంతులవారీగా త్రిప్పుకొనుట యన్నను చట్టమంగీకరింపదు. లైసెన్సుదారుని యెదుటగాని, అతని వ్రాతపూర్వకమైన యనుమతితోగాని మఱియొకడు తుపాకిని మోయుటకు వీలున్నది. అదియును బాగుచేయించుటకు, లైసెన్సు క్రొత్త చేయించుటకు, లైసెన్సుదారుడే వాడుకొనుటకు దెచ్చియిచ్చుటకు మాత్రమే. "ఈ రాత్రి నీవు దీసికొనుము" అనుటకు కాదు. బ్యాంకుల కాపలాకు తుపాకులు లేవా యని కొందఱడుగుదురు. కలవు. అచ్చటను తుపాకి పట్టు కాపలావాని పేరు లైసెన్సులోనికి ఎక్కవలసినదే.

మేడారమున బెల్లమును బంగారమందుము. తల్లుల గద్దెలయొద్ద నా పేరు చెల్లును, అది భక్తి. స్టాంపు కాగితమును లైసెన్సని పిలిచినచో పోలీసు ఠాణాలో చెల్లదు.

అయినచో రైతునకు దారియే లేదా? ఉన్నది, దానిని మనవారిలో చాలమంది యెఱుగరు. ఆయుధ చట్టపు 13వ సెక్షను పంట రక్షణను పేరుపెట్టి చెప్పినది. నిజముగా పంటను గాచుకొనుటకై, గొట్టము మూతినుండి మందు గూరి కాల్చెడి తుపాకికి లైసెన్సు నొసగవలయునని యందు గలదు. ఆ తుపాకి చాలదని యధికారికి తోచినచో 20 అంగుళములకు తక్కువ కాని నున్నని గొట్టము గల తుపాకికి నొసగవచ్చును. కొండలలో దొంగచాటుగ జేసిన నాటు తుపాకి యిందులోనికి రాదు. దరఖాస్తు లైసెన్సు నొసగెడి జిల్లా యధికారికి చేరును. ఠాణావారి విచారణ నివేదిక రావలయును. లైసెన్సు గడువు 2019 సవరణకు ముందు మూడేండ్లు, ఇప్పుడైదేండ్లు. అదే సవరణ వలన ఒక మనిషి యుంచుకొనదగిన తుపాకులు మూడు నుండి రెండుకు తగ్గినవి.

మన ప్రాంతమువారికి మఱియొక మెట్టు అదనముగ నున్నది. ఏటూరునాగారం అభయారణ్యము మన యింటి ముంగిటనే యున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు 34వ సెక్షను ప్రకారము అభయారణ్యమునకు పది కిలోమీటర్లలోపల క్రొత్తగా ఆయుధ లైసెన్సు నొసగవలెనన్న, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందుగా సమ్మతింపవలయును. ఈ సమ్మతి లేకయే జిల్లా కచ్చేరీ చుట్టు తిరిగినవాని చెప్పులు అరుగుటయే గాని పని కాదు. తుపాకి లైసెన్సు చేతికి వచ్చినను అడవిపందిని గొట్టుటకు వేఱు అనుమతి కావలయును. నిలిచియున్న పంటకు కీడు చేయు జంతువు విషయమున నట్టి యనుమతి నొసగుటకు అదే చట్టపు 11వ సెక్షను వీలు గల్పించినది. పొలమునకు దిగిన పందికిని, అభయారణ్యము లోపల దిరుగు పందికిని చట్టము దృష్టిలో బెద్ద భేదము కలదు. ఆయుధముతో అభయారణ్యమున కాలుపెట్టుటయే అనుమతి లేనిదే తప్పు.

కొడగు దేశపు మాట కూడ కొందఱెత్తుదురు. కర్ణాటకమున కొడవలకును, జమ్మా భూములు గల కుటుంబములవారికిని ఆంగ్లేయుల నాటినుండి లైసెన్సు మినహాయింపు గలదు. 2019లో దానిని 2029 అక్టోబరు వఱకు పొడిగించిరి. 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించినది. కాని యది ఎవరో వ్రాసికొనిన దస్తావేజు వలన వచ్చినది గాదు. ఆయుధ చట్టపు 41వ సెక్షను క్రింద కేంద్ర ప్రభుత్వమువారు చేసిన ప్రకటన వలన వచ్చినది. మనకట్టి ప్రకటన లేదు.

ట్రస్టు కోరువారి యసలు భయము, ఇంటిపెద్ద పోయిన పిమ్మట తుపాకి యేమగునని. ఈ భయము న్యాయమైనది. అంత్యక్రియల సందడిలో దూలముపై నున్న తుపాకి యెవరికి జ్ఞాపకముండును? లైసెన్సు మనిషితో పోయినది, తుపాకి యింట మిగిలినది. ఏమియు నెఱుగని యిల్లాలు లైసెన్సు లేని యాయుధము గలదై కూర్చున్నది. ఇది జైలుశిక్షకు దారితీయు నేరము. చట్టపు 21వ సెక్షను చెప్పునది యిది: అట్టి తుపాకిని జాగు చేయక దగ్గఱి ఠాణాలోగాని, లైసెన్సు గల ఆయుధ వ్యాపారియొద్దగాని అప్పగించి రసీదు పుచ్చుకొనవలయును. వారసుడు లైసెన్సు పొందినచో గడువులోపల దానిని మరల దెచ్చుకొనవచ్చును. లేదా లైసెన్సు గలవానికి అమ్ముకొనవచ్చును. గడువు దాటనిచ్చినచో తుపాకి సర్కారు వశమగును.

అంతకు ముందే చేసికొనదగిన యేర్పాటు గూడ నున్నది. 2016 నాటి ఆయుధ నిబంధనలలో 25వది, లైసెన్సుదారునకు 70 ఏండ్లు నిండినను, లేక తుపాకి 25 ఏండ్లు అతనియొద్ద నున్నను, అతడు జీవించియుండగనే వారసునొకనిని ఎంచి యా వారసుని పేర లైసెన్సు కోరవచ్చునని చెప్పుచున్నది. అమెరికావారు ట్రస్టు సవరణతో సాధించునది మనకీ యొక్క నిబంధనలోనే దొరకుచున్నది. దీనికై వకీలు రుసుము చెల్లించి పదిపుటల దస్తావేజు వ్రాయించుట వృథా.

ఈ సందర్భమున వ్రాయక తప్పని మాట యింకొకటి కలదు. తుపాకి దొరకని రైతు కొన్ని యూళ్లలో చేని చుట్టు కరెంటు తీగ నేరుగ లాగుచున్నాడు. దానికి పందియని, పొరుగువాడని తెలియదు. తెల్లవారుజామున నీరు పెట్టబోయినవాడు, పశువును వెదకబోయినవాడు దానిపై బడి చచ్చిన వార్తలు మన రాష్ట్రమున ప్రతియేటను వినుచున్నాము. పంట పోయిన మఱుసటి యేడు పండును. సభ్యులలో నెవరైన నీ తీగ లాగియున్నచో, ఈ పత్రిక చదివిన రాత్రియే తీసివేయవలసినదని వేడుచున్నాము.

దాని స్థానమున సోలారు కంచె కలదు. అందు ప్రవాహము క్షణమాత్రమై విడివిడిగ వచ్చును. జంతువు జడిసి వెనుదిరుగును గాని చావదు. పంది నేలబారున దూరునది కావున క్రింది తీగ అడుగు ఎత్తునకు మించరాదు. తీగకు గడ్డి తగిలినచో బలము నేలపాలగును గనుక గడ్డి కోయుచుండవలయును. ఒక్క రైతు తన రెండెకరములకు వేసికొనిన ఖర్చు భారము, పంది పొరుగు చేనునుండి వచ్చును. పదిమంది చేలను గలిపి చుట్టినచో నిలుచును.

ట్రస్టు దస్తావేజు తగునది యిచ్చటనే. కంచె, బ్యాటరీ, పెట్టె యివి లైసెన్సు అక్కఱలేని యాస్తి. ఎవరి చేతికైన మాఱవచ్చును. ఒక ట్రస్టీ గతించినచో ఆస్తి మిగిలిన ట్రస్టీలకు సంక్రమించునని 1882 చట్టపు 76వ సెక్షనే చెప్పినది. అయితే సవరణ విషయమున మొదటనే మెలకువ వలయును. ఖాయపడిన ట్రస్టును వ్రాసినవాడు తన యిష్టము వచ్చినపుడు రద్దు చేయజాలడు. రద్దుకు లబ్ధి పొందువారందఱి సమ్మతిగాని, దస్తావేజులో ముందే స్పష్టముగ నుంచుకొనిన యధికారముగాని కావలయునని 78వ సెక్షను. కావున క్రొత్త రైతును చేర్చుట, మానుకొనువానిని తీసివేయుట, చందా మార్చుట, కంచె పొడిగించుట ఎందఱి యొప్పుదలతో జరుగవలెనో మొదటి దస్తావేజులోనే వ్రాయవలయును. సవరణ పత్రమునకు తేది, సాక్షుల సంతకములు ఉండి, మూలముతో గలిపి కుట్టి సంఘపు పెట్టెలో నుంచవలయును. మన సంఘపు నిబంధన నొకదానిని మార్పవలసినచో సర్వసభ్యసభ తీర్మానమును రిజిస్ట్రారు నమోదు చేసినగాని చెల్లదు గదా. ట్రస్టుపై నట్టి పెద్ద లేడు, కావున జాగ్రత్త మనదే. స్తంభములు ఎవరి గట్టున నాటబడునో వారి వ్రాతపూర్వకమైన సమ్మతియు మఱువరాదు.

తుపాకి లైసెన్సు నిజముగ కావలసిన సభ్యులు పహాణీ నకలు, పంటనష్టపు వివరము వ్రాసికొని సంఘ కార్యాలయమునకు దెచ్చినచో, దరఖాస్తులనన్నింటిని ఒక్కసారి కూర్చి, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి సమ్మతిని కోరు లేఖతో గూడ పంపునట్లు కార్యవర్గము తీర్మానింపవలెనని మేము కోరుచున్నాము. ఇంట తాతల నాటి తుపాకి గలవారు దాని లైసెన్సు గడువు నేడే చూచుకొందురు గాక.